ఆర్పిన బావుల పొగ

హుస్సేన్ కువైట్ నుంచి వచ్చి ఏడాదిన్నర అయింది. వచ్చిన కొత్తలో ఎల్లారెడ్డిలో కనపడ్డవాళ్ళంతా ఆయన్ని ఆపి అడిగారు. యుద్ధంలో చమురు బావులు ఎట్లా తగలబడ్డాయి, మంట ఎంత ఎత్తు లేచేది, పట్టపగలు చీకటి పడిందనేది నిజమేనా అని. ఆయన రెండు ముక్కలు చెప్పి ఊరుకునేవాడు. మెల్లగా అడిగేవాళ్ళు తగ్గిపోయారు. 1993 ఎండాకాలం నాటికి హుస్సేన్ అంటే కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ మధ్య డీజిల్ జీపు నడిపే మనిషి, అంతే.

నలభై ఏళ్ళుంటాయి. పిల్లలు లేరు. ఆయన కువైట్‌లో ఉండగానే భార్య బిల్కిస్ కామెర్లతో చనిపోయింది. ఎల్లారెడ్డి బస్టాండు వెనక ఒక గది అద్దెకు తీసుకున్నాడు. పొద్దున తానే రెండు రొట్టెలు కాల్చుకుని, ఒకటి తిని, ఇంకొకటి కాగితంలో చుట్టి జీపులో పెట్టుకునేవాడు. దినమంతా జీపు నిండా మనుషులుండేవారు. వాళ్ళ మాటలు వెనక నుంచి వినపడుతూనే ఉండేవి. ఆ మాటల్లో ఒక్కటీ ఆయనకోసం కాదు.

సొంతవాళ్ళంటే కామారెడ్డిలో చెల్లెలు హఫీజా ఒక్కతే. ఆమె భర్త బషీర్‌కు కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం ఉంది. బిల్కిస్ ఆఖరి నెలంతా ఆ ఇంట్లోనే ఉండి మందులు వాడింది. జీపు రోజుకు నాలుగుసార్లు ఆ గల్లీ ముందు నుంచే పోతుంది. హుస్సేన్ మాత్రం పండక్కి తప్ప ఆ ఇంటికి పోడు. పోయినా గిన్నెడు సేమ్యా తిని, మేనల్లుళ్ళ నెత్తి మీద చెయ్యి పెట్టి, ట్రిప్పుకు వేళయిందని లేస్తాడు. హఫీజా ఏదో చెప్పబోయి, అన్న ముఖం చూసి, ఖాళీ గిన్నె తీసుకుని లోపలికి పోయేది.

జూన్‌లో బడులు తెరిచాక పురుషోత్తం సారు ఆ జీపెక్కడం మొదలుపెట్టాడు. ఆయన ఎల్లారెడ్డి హైస్కూల్లో సైన్సు చెప్తాడు, ఇల్లు కామారెడ్డిలో. పొద్దుటి బస్సు వేళకు రావడం మానేసింది కాబట్టి జీపులో ముందు సీటు పట్టుకున్నాడు. యాభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. చంకలో ఎప్పుడూ ఒక మడత పెట్టిన పేపరు.

ఆ ఏడు మృగశిర పోయింది, ఆరుద్ర సగం గడిచింది, నేల తడవలేదు. జీపులో మాటలన్నీ దాని గురించే. కామారెడ్డి కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న గంగమణి ఒకరోజు అన్నది.

"అడివి గొట్టిరి. అడివి ఉన్నప్పుడు మొగులు వచ్చి ఆగేది. ఇప్పుడు ఏం జూసి ఆగాలె?"

ఎదురుగా ఎల్లారెడ్డిలో కట్టె కోత మిషన్ నడిపే రామస్వామి ఉన్నాడు. ఆ మాట తనకే తగిలిందనుకున్నాడు.

"నా మిషన్ మీద పడ్తవేంది గంగమణీ. డెబ్బై రెండుల కరువు రాలేదా? అప్పుడు అడివి నిండ ఉండె. నా మిషన్ లేకుండె. కాలం అట్ల తిరుగుతది. నాలుగేండ్లు కొట్టదు, మల్ల దంచి కొడ్తది."

పురుషోత్తం సారు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగాడు. "ఒక్క ఏడు వాన రాలేదని నేనూ ఏం చెప్పలేను రామస్వామీ. నువ్వన్నట్టు కరువులు ఎప్పుడూ ఉన్నయి. గాని భూమంతటా కలిపి వందేండ్లు వరుసగ చూసినోళ్ళు వేడి ఎక్కుతున్నదంటున్నరు. బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చినప్పుడల్ల కంటికి కనపడని గాలి ఒకటి పైకి పోతది. దుప్పటి కప్పినట్టు వేడిని బయటికి పోనియ్యదు. అడివి ఉంటే ఆ గాలిని కొంత పీల్చుకునేది. గంగమణి చెప్పిందాంట్ల గూడ నిజమున్నది."

"అంటే ఈ జీపు గూడ వాన ఆపుతున్నదా సార్?" అన్నాడు రామస్వామి.

"ఈ జీపొక్కటే కాదు. వాన సంగతి నాకు పక్కా తెల్వదు. వేడి సంగతి చెప్తున్న."

"మరి దిగి నడుస్తవా?"

జీపంతా నవ్వారు. సారు కూడా నవ్వి ముందుకు తిరిగాడు. తర్వాత లింగంపేట వచ్చేదాకా పేపరు మడత విప్పలేదు.

హుస్సేన్ రోడ్డు మీది నుంచి చూపు తీయకుండా, సారుకు మాత్రమే వినపడేట్టు అన్నాడు. "పొగ కింద చలి పెడ్తది సార్. వేడి కాదు."

సారు ఆయన వైపు తిరిగాడు.

"కువైట్ల నేను నీళ్ళ ట్యాంకర్ నడిపిన. మంటలు ఆర్పెటోళ్ళ క్యాంపుకు. గాలి మా దిక్కు మళ్ళిన దినం పగటిపూట లైట్లు ఏసుకుని నడిపేది. ఆగస్టు నెల, మామూలుగ అయితే బండి డోరు ముట్టుకుంటే చెయ్యి కాలాలె. పొగ కిందికి పోతే స్వెట్టర్ ఏసుకునేది. మీరేమో పొగతోని వేడంటరు."

సారు పేపరు పక్కన పెట్టాడు. ఆ తర్వాత, ఎవరో ఎన్నాళ్ళ తర్వాతో ఇంటికి వస్తే పలకరించినట్టు, "మీరు అక్కడ ఉన్నరా?" అన్నాడు.

ఆ రోజు నుంచి ఇద్దరూ వాదించుకోవడం మొదలైంది. మసి వేరు, కనపడని గాలి వేరు అని సారు చెప్పాడు. మసి ఎండకు అడ్డం వస్తుంది, అందుకే చలి, అది కొన్నాళ్ళకు వానతో కింద పడిపోతుంది. కనపడనిది పడదు, ఉండిపోతుంది. హుస్సేన్ మరునాటికి ఇంకో ప్రశ్న తెచ్చేవాడు. కనపడనిది ఉన్నదని ఎట్లా తెలిసింది? ఎవరు కొలిచారు? సారు కొన్నిటికి చెప్పేవాడు. కొన్నిటికి "రేపు చూసి చెప్త" అని, నిజంగానే పేపరు ముక్కలు కత్తిరించి తెచ్చేవాడు. స్టాఫ్ రూములో తాను ఈ సంగతి ఎత్తగానే అందరికీ పని గుర్తుకొస్తుందనీ, ఇంట్లో రేడియో చప్పుడు పెంచుతారనీ ఒకరోజు నవ్వుతూ చెప్పాడు. హుస్సేన్ నవ్వలేదు.

పొద్దున రొట్టె కాలుస్తూ సారును ఏం అడగాలో ఆలోచించుకోవడం హుస్సేన్‌కు అలవాటైంది. వాదన ఎటు తిరిగినా ఆయన చివరికి ఒకే చోటికి వచ్చేవాడు.

"మనిషి ముట్టిచ్చిండు, మనిషే ఆర్పిండు సార్. ఆరు వందల పైచిలుకు బావులు. మొదట్ల అందరు ఐదేండ్లు పడ్తదన్నరు. తొమ్మిది నెలల్ల అయిపోయింది. నా కండ్లతోని చూసిన. చేస్తె అయితది."

సారు ఆ మాటకు మాత్రం తల ఊపి పేపరు విప్పేవాడు.

సెప్టెంబరులో ఒకరోజు సారు అడిగాడు. బడిలో పిల్లలకు చర్చ పెడుతున్నాడు, 'చెడిన వాతావరణాన్ని మనిషి మళ్ళీ బాగుచేయగలడా' అని. పిల్లలు మాట్లాడాక, చూసి వచ్చిన మనిషిగా హుస్సేన్ ఒక పది నిమిషాలు మాట్లాడాలి. హుస్సేన్ వద్దన్నాడు. తాను ఏడో తరగతి దాటలేదన్నాడు. మూడు రోజుల తర్వాత, జీపు దిగుతున్న సారును ఆపి, ఏ పూట రావాలని అడిగాడు.

ఆ శనివారం మధ్యాహ్నం ట్రిప్పు మానుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పెద్ద క్లాసు పిల్లలు గదిలో బెంచీల మీద, కిటికీల్లో, నేల మీద కూర్చున్నారు. కువైట్ గురించి ఆయన అంతసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. నేలలోంచి మంట లేచే చప్పుడు విమానం పక్కన నిలబడ్డట్టు ఉంటుందన్నాడు. బావి దగ్గరికి పోయేవాళ్ళ మీద ఇంకొకళ్ళు వెనక నుంచి నీళ్ళు కొడుతూనే ఉంటారన్నాడు. చమురు పోయే పైపుల్లోనే సముద్రం నీళ్ళు వెనక్కి తెచ్చారని చెప్పాడు. ఒక్కో బావి ఆరినప్పుడు చెవులు గుయ్యిమని, తర్వాత పక్కవాడి మాట వినపడేదన్నాడు. చివరగా, సారుతో రోజూ అనే మాట పిల్లలతో అన్నాడు. మనిషి ముట్టించాడు, మనిషే ఆర్పాడు, చేస్తే అవుతుంది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. అప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి తార లేచి నిలబడింది.

"అంకుల్, ఆర్పెకంటె ముందు తొమ్మిది నెలలు మండింది గద. ఆ పొగంత యాడికి పోయింది?"

హుస్సేన్ ఆ అమ్మాయి వైపు చూశాడు. సారుతో అంత వాదించినా, ఆ బావుల గురించి ఆ సంగతి ఆయనకు ఎన్నడూ తట్టలేదు. సారు వైపు తిరిగాడు.

పురుషోత్తం సారు సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్ళాడు. పాతికేళ్ళుగా ఇట్లాంటి ప్రశ్న ఒక్క పిల్లా అడగలేదేమో, ఆయన ముఖం వెలిగిపోయింది. మసి ఎటు పోయిందో చెప్పాడు. మిగిలిన గాలి ఎక్కడికీ పోలేదనీ, మన నెత్తి మీదే ఉందనీ, ఇంకా వందేళ్ళు ఉంటుందనీ చెప్పాడు. "ఆ బావులకు మూత పెట్టెటందుకు ఒక మూతి ఉన్నది. ఇప్పుడు కాలుస్తున్నదానికి మూతి ఎక్కడున్నది? లారీల ఉన్నది, మిల్లుల ఉన్నది, ఫ్యాక్టరీల ఉన్నది. ఆ తొమ్మిది నెలలు కాలింది, లోకమంత కాల్చెదాని ముందు లెక్కకు గూడ రాదు. కాబట్టి ఆర్పుడు వేరు, వెనక్కి తెచ్చుడు వేరు. హుస్సేన్ గారు చెప్పిన దాన్నుంచి, వెనక్కి తేవచ్చని అనుకోవద్దు."

పిల్లలు రాసుకున్నారు. హుస్సేన్ చేతులు కట్టుకుని బోర్డు పక్కన నిలబడే ఉన్నాడు. సారు చెప్పడం అయ్యాక చూస్తే గదిలో లేడు.

సోమవారం పొద్దున సారు ముందు సీటు తలుపు తీయబోతే, హుస్సేన్ అటు చూడకుండా అన్నాడు. "అండ్ల మనుషులున్నరు సార్. చెప్పి పోయిన్రు."

ఎవరూ లేరు. సారు కాసేపు నిలబడి బస్సు వైపు నడిచాడు. ఆ తర్వాత రోజూ బస్సులోనే. బస్సు రాకపోతే వేరే జీపులో. లింగంపేట దగ్గర ఎప్పుడైనా జీపు బస్సును దాటిపోయేది. కిటికీ పక్కన పేపరు పట్టుకుని కూర్చున్న సారు కనపడేవాడు. హుస్సేన్ హారన్ కొట్టి దాటేవాడు. పొద్దున రొట్టె కాల్చేటప్పుడు ఇంకా ప్రశ్నలు వచ్చేవి. ఆయన వాటిని అట్లాగే వదిలేసేవాడు.

అట్లా మూడు నెలలు గడిచాయి. సంక్రాంతి సెలవులకు ముందు ఒక మధ్యాహ్నం, ఎల్లారెడ్డిలో జీపు మనుషులకోసం చూస్తుండగా, సారు రెండు పుస్తకాల కట్టలతో వచ్చాడు. తనకు బీర్కూర్ బదిలీ అయిందన్నాడు. కామారెడ్డి దాకా తీసుకుపోతారా అని, కొత్త మనిషిని అడిగినట్టు అడిగాడు. హుస్సేన్ కట్టలు అందుకుని లోపల పెట్టాడు.

ఆ ట్రిప్పుకు అంతగా జనం లేరు. ఉన్న ముగ్గురూ లింగంపేటలో దిగిపోయారు. అది దాటి అడవి రోడ్డులో వెనక టైరు గాలి పోయింది. ఇద్దరూ దిగారు. హుస్సేన్ జాకీతో బండి ఎత్తి నట్లు విప్పుతుంటే సారు వాటిని పట్టుకుని నిలబడ్డాడు.

"నేను చెప్పింది తప్పు కాదు హుస్సేన్," అన్నాడు సారు కాసేపటికి. "గాని అందరి ముందు మిమ్మల్ని పిలిచి, మీ మాట కొట్టేసిన. అది తప్పే."

హుస్సేన్ టైరు ఊడదీసి పక్కకు దొర్లించాడు. నేల మీదే కూర్చున్నాడు.

"నాకు కోపం దానికి కాదు సార్."

తర్వాత మెల్లగా చెప్పాడు. బిల్కిస్‌కు కామెర్లయినాయి, రమ్మని హఫీజా రాసిన జాబు ఆయనకు చేరింది. మంటలు ఆర్పుతున్న ఏడు, సెప్టెంబరు ఆఖర్లో. చేరలేదని అందరితో చెప్పాడు కానీ చేరింది.

"సెలవడిగితే ఇచ్చేటోళ్ళు. నేనే అడగలే. ఇంక వంద చిల్లర బావులున్నయి. నెల దినాలల్ల అయిపోతది, అన్నీ ఆరినంక పోదామనుకున్న. కామెర్లే గద, పసరు మందు తాగితే తగ్గుతయి అనుకున్న. నన్నెవ్వరు బలవంత పెట్టలే సార్. ఆఖరి మంట ఆరుడు చూడాలని నాకే ఆశయింది. ఆరిన దినం అందరు సప్పట్లు కొట్టిన్రు. అప్పటికే ఆమె పోయి పన్నెండు దినాలు. నాకు తెల్వదు. నేను గూడ సప్పట్లు కొట్టిన."

రోడ్డు మీద ఒక లారీ పోయింది. ఇద్దరూ దుమ్ముకు ముఖాలు పక్కకు తిప్పుకున్నారు.

"ఏదో ఒకటి బాగైంది, దానికోసం ఉన్న అనుకుని బతుకుతున్న. మీరేమో పొగ ఎక్కడికి పోలేదు, నెత్తి మీదనే ఉన్నదంటిరి. లెక్కకే రాదంటిరి."

సారు నట్లు టైరు పక్కన పెట్టి, తానూ నేల మీద కూర్చున్నాడు.

"మీకు అబద్ధం చెప్పలేను," అన్నాడు. "పోయింది వెనక్కి రాదు. మన జన్మల రాదు. గాని ఆర్పకుంటె ఇంకా మండుతుండె. అది మీరు ఆపిందే. అంతకంటె పెద్ద మాట నా దగ్గర లేదు." కొంచెం ఆగి, "ఆమె సంగతి నాకేం తెల్వదు. దానికి నా దగ్గర పుస్తకం లేదు. ఆఖరుకు ఆమె దగ్గర ఎవరున్నరు?" అని అడిగాడు.

"మా చెల్లె."

"ఏమన్నదో అడిగిన్రా?"

హుస్సేన్ లేచి కొత్త టైరు ఎక్కించాడు. కామారెడ్డిలో సారు ఇంటి ముందు కట్టలు దించాక ఇద్దరూ చెయ్యి కలిపారు. వీలైతే బీర్కూర్ రమ్మన్నాడు సారు. వస్తానన్నాడు హుస్సేన్. ఇద్దరికీ తెలుసు, జీపు అటు పోదు.

ఫిబ్రవరిలో ఎండలు అప్పుడే ముదిరాయి. జీపులో మాట మళ్ళీ మొదలైంది. రామస్వామి, సారు లేని ధైర్యంతో, కాలం తిరుగుతుందనీ అదే సర్దుకుంటుందనీ గట్టిగా చెప్తున్నాడు. గంగమణి ముందుకు వంగింది.

"హుస్సేనన్నా, నువ్వు ఆ సారుతోని కొట్లాడుకుంట పోతుంటివి గద. ఏమంటవ్, మల్ల ఎనుకటి లెక్క అయితదా?"

"కాదు," అన్నాడు హుస్సేన్. కొంతదూరం పోయాక, "ఎనుకటి లెక్క కాదు. ఇంక మండేది ఆర్పుకోవచ్చు, అంతే. అది గూడ ఎవరో వచ్చి ఆర్పరు" అన్నాడు.

రామస్వామి ఏదో అన్నాడు. మాటలు పెళ్ళిళ్ళ మీదికి పోయాయి.

మరునాడు శుక్రవారం. కామారెడ్డిలో నమాజు చేసుకుని బయటికొచ్చిన హుస్సేన్ జీపు దగ్గరికి పోలేదు. హఫీజా ఇంటికి నడిచాడు. పండగ కాదు, పబ్బం కాదు. తలుపు తీసిన హఫీజా కంగారుపడింది. బషీర్ దుకాణంలో ఉన్నాడు, పిల్లలు బడికి పోయారు. హుస్సేన్ చాప మీద కూర్చుని, ఆమె తెచ్చిన నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"నీ జాబు నాకు అందింది," అన్నాడు.

"తెలుసు భయ్యా," అన్నది హఫీజా. "అందనోళ్ళు అందలేదని అన్నిసార్లు చెప్పరు."

ఆయన తల ఎత్తలేదు. "ఆఖరుకు ఏమన్నది?"

హఫీజా ఎదురుగా కూర్చున్నది. ఆ మాటకోసం ఆమె రెండేళ్ళు ఎదురుచూసింది.

"నీ మీద కోపం చేయలే. రోజూ రేడియోల ఉర్దూ ఖబర్లు పెట్టమనేది. ఇంక ఎన్ని మంటలున్నయి అని అడిగేది. అవి ఆరితే నువ్వు వస్తవని ఆమె లెక్క. ఖబర్లల్ల రోజూ చెప్తరా, చెప్పరు. నేనే ఒక లెక్క చెప్పేదాన్ని. నిన్నటికంటె ఐదు తక్కువ, పది తక్కువ అని."

"ఆఖరి దినం ఎన్ని చెప్పినవ్?"

హఫీజా కొంగు చివర మడత పెట్టింది, విప్పింది.

"ఒక్కటి గూడ లేదని చెప్పిన. అన్ని ఆరినయి, భయ్యా బయల్దేరిండని చెప్పిన. అచ్ఛా అన్నది. అబద్ధం చెప్పి పంపిన భయ్యా. తప్పయిందా?"

హుస్సేన్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. హఫీజా లేచి వచ్చి పక్కన కూర్చున్నది గానీ ముట్టుకోలేదు. చాలాసేపటికి ఆయన చేతులు తీసి, గోడకు ఆనుకుని, "ఇంకా చెప్పు" అన్నాడు. "ఏం తిన్నది, నిద్ర పట్టేదా లేదా, ఎవరెవరు వచ్చి చూసిన్రు, అన్ని చెప్పు."

ఆమె మొదటి రోజు నుంచి చెప్పడం మొదలుపెట్టింది. పిల్లలు బడి నుంచి వచ్చి, మామను చూసి, చప్పుడు చేయకుండా వాకిట్లోకి పోయారు. ఆ సాయంత్రం జీపు ఎల్లారెడ్డికి వెళ్ళలేదు.